పద్నాలుగో లింకు

మీరు దిద్దిన ప్రాజెక్టు రిపోర్టుల చివరి పేజీలో ఉండే లింకుల్లో ఒక్కదాన్నయినా ఎప్పుడైనా తెరిచి చూశారా? మార్కులు వేయకముందు సంగతి అడుగుతున్నాను.

నేను చూడలేదు. తొమ్మిదేళ్లు చూడలేదు. కొత్తగూడ చౌరస్తాకు దగ్గర్లో, కింద బట్టల దుకాణం, దాని మీద కళ్లద్దాల దుకాణం, ఆ పై మూడంతస్తుల్లో నడిచే ఒక డిగ్రీ కాలేజీలో పోషకాహార శాస్త్రం చెబుతాను. ఆఖరి సంవత్సరం పిల్లలు తాముండే బస్తీలో ఒక ఆరోగ్య సమస్య తీసుకుని సర్వే చేసి రిపోర్టు రాయాలి. తెలుగులో రాయొచ్చు. దానికి నేను గైడుని. ప్రతి రిపోర్టు మొదటి పేజీలో ‘ఈ పని నా పర్యవేక్షణలో జరిగింది’ అన్న వాక్యం, దాని కింద నా సంతకం, పక్కన కాలేజీ గుండ్రటి ముద్ర.

వంద మార్కుల్లో ఆధారాలకు పది. వాటిని ఎలా వేసేదాన్నో చెబుతాను. పది లింకులుంటే ఐదు మార్కులు, ఇరవై ఉంటే పది. రాసినవారి పేరు, పేజీ శీర్షిక, వెబ్‌సైటు, చూసిన తేదీ, ఈ వరుసలో ఉండాలి. వరుస తప్పితే అర మార్కు కోసేదాన్ని. కామా ఉండాల్సిన చోట చుక్క పడితే ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. పిల్లలకు ఈ విషయం మీద ఒక గంట పాఠం కూడా చెప్పేదాన్ని. ఆ గంటలో యాభై నిమిషాలు కామాల గురించి. ఆ పేజీలో ఉన్నది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి అన్నది మిగిలిన పది నిమిషాల్లో రావాలి. ఈలోపు గంట కొట్టేవారు.

కాలేజీ వెనక సందులో బైండింగు దుకాణాలు మూడున్నాయి. మార్చి వచ్చిందంటే పిల్లలంతా అక్కడే. నీలం రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. మధ్య దుకాణం అతను అట్టతో ఆగడు. ధ్రువపత్రం పేజీ, కృతజ్ఞతల పేజీ, ఆధారాల పేజీ కూడా అతని కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి. షుగరుకు ఒక ఫైలు, రక్తహీనతకు ఒకటి, బడి పిల్లల బరువుకు ఒకటి. పాత రిపోర్టుల్లోంచి ఏరి పెట్టుకున్న లింకులవి. తక్కువ పడ్డవాళ్లకు వాటితో నింపుతాడు. ఇది కాలేజీలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఒకసారి నా కాగితాలేవో బైండింగుకిస్తే అతనే ఆ మాట ఎత్తాడు.

“మీరంటే పోరగాళ్లకు హడల్ మేడమ్. ఇరవైకి ఒక్కటి తగ్గినా మార్కులు కోస్తరంట గదా.”

“కోస్తాను.”

“అందుకే నేను ఇరవై రెండు పెడుతున్న. రెండు తెరుసుకోకుంట సచ్చినయి వచ్చినా ఇరవై ఉంటయి.”

“చచ్చినవి ఎన్నున్నాయో ఎప్పుడైనా చూశావా?”

“నేనెందుకు జూస్త? జూసేది మీరు గదా.”

నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఊరూరా వేదికలెక్కి, బాబాల శిష్యులతో వాదించిన మనిషిని నేను. గాల్లోంచి విబూది ఎలా తీస్తారో జనం ముందు తీసి చూపించాను. ‘ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎలా తెలిసింది’ అని అడిగి అడిగి, ఒకచోట రాయి దెబ్బ కూడా తిన్నాను. వాళ్లను అడిగిన ఆ మూడు ప్రశ్నలు నా క్లాసులో నేను అడగలేదు. కాషాయం కట్టినవాడు చెబితే మూఢనమ్మకం, కంప్యూటర్లో అచ్చు పడితే ఆధారం. నా దగ్గర హేతువాదం అంతకు దిగజారింది.

ఆ సంవత్సరం నా దగ్గర ప్రాజెక్టు చేసిన అమ్మాయిల్లో ఒకరిది బోరబండ. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే. తండ్రి ఆటో నడిపేవాడు. పొద్దున సాఫ్ట్‌వేరు ఆఫీసుల వైపు, సాయంత్రం అటునుంచి ఇటు. ఆయనకు పదేళ్లుగా షుగరు. కనుక అమ్మాయి ఆ విషయమే తీసుకుంది. తమ గల్లీలో షుగరున్న ముప్పై ఇళ్లకు తిరిగింది. ఎవరింట్లో ఎన్ని గ్లాసుల బియ్యం వండుతున్నారు, చాయలో ఎన్ని చెంచాల చక్కెర వేస్తున్నారు, నెలలో ఎన్ని రోజులు గోలీలు మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు, అన్నీ రాసుకొచ్చింది. ఒకామె చాయలో చక్కెర మానేసి బెల్లం వేసుకుంటూ ‘నేను చక్కెర ముట్టుకోను’ అని చెప్పిందట. అది కూడా యథాతథంగా రాసింది. మొదటి మూడు అధ్యాయాలు శ్రద్ధగా చదివాను. ఆ పిల్ల కళ్లతో చూసినది, చెవులతో విన్నది రాసింది. అంతకు మించిన ఆధారం ఏముంటుంది?

కానీ రిపోర్టుకు నాలుగు అధ్యాయాలుండాలన్నది నా నిబంధన. నాలుగోదానికి ఆమె దగ్గర సమయం మిగల్లేదు. ‘షుగరుకు ఇంటి వైద్యం’ అని పేరు పెట్టి, ఇంటర్నెట్‌లో దొరికింది ఆరు పేజీలు ఎక్కించింది. అందులో ఒక ఆకు రసం గురించి ఉంది. ఆ ఆకు పేరు నేనిక్కడ రాయను. రాస్తే రేపు దీన్ని కూడా ఎవరో ఆధారంగా చూపిస్తారు. రోజూ పరగడుపున ఆ రసం తాగితే మూడు నెలల్లో షుగరు పోతుందని, మందులతో పనిలేదని, ఇది పరిశోధనలో తేలిందని ఆ పేజీలో ఉందట. ‘ఉందట’ అంటున్నాను, ఎందుకంటే అప్పుడు నేను చదవలేదు. ఆ ఆరు పేజీలూ తిప్పేసి సరాసరి ఆధారాల పేజీకి వచ్చాను. ఇరవై రెండు లింకులు. పద్నాలుగోదాని దగ్గర ఆగాను. అందులో చూసిన తేదీ లేదు. సున్నా చుట్టి వెనక్కి ఇచ్చాను.

మర్నాడు అమ్మాయి స్టాఫ్ రూముకొచ్చింది.

“ఏ తారీఖు ఎయ్యాలె మేడమ్? నేను మూడుసార్లు జూసిన ఆ పేజీని.”

“చివరిసారి చూసింది వెయ్యి.”

“గంతేనా?”

“అంతే.”

ఆ పేజీ గురించి మా ఇద్దరి మధ్య జరిగిన చర్చ మొత్తం ఇదే. ఆమె తేదీ వేసింది. నేను పదికి పది వేసి సంతకం పెట్టాను.

ఆ రిపోర్టుకు కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. మూడు అధ్యాయాలకు న్యాయంగానే వచ్చింది. ఏటా అయిదు మంచి రిపోర్టులను కాలేజీ వెబ్‌సైట్లో పెడతారు, ముద్రతో సహా. ఏప్రిల్‌లో ఇదీ పెట్టారు. పరీక్షలు కాగానే అమ్మాయికి హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్లో ఉద్యోగం దొరికింది. సరుకు వచ్చినప్పుడు ప్యాకెట్ల మీద గడువు తేదీలు చూడటం, గాజు గోడకు తగిలించిన బోర్డు మీద ఇడ్లీలో ఎన్ని కేలరీలో రాయడం. తెల్లారేసరికి బయల్దేరి వెళ్లేది.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగింది నాకు ఆగస్టు దాకా తెలియదు.

ఆగస్టులో అమ్మాయి సర్టిఫికెట్ కోసం కాలేజీకి వచ్చింది. మనిషి సగమైంది. అడిగితే, “బాపు దవాఖానల ఉన్నడు మేడమ్. కాలు తీసేసిన్రు” అంది. మెట్ల మీద కూర్చోబెట్టి మెల్లగా అడిగాను. ఏప్రిల్‌లో తండ్రి ఆ నీలం అట్ట పుస్తకం చేతిలోకి తీసుకున్నాడట. పదో తరగతి దాకా చదివినవాడు. తన బిడ్డ రాసిన పుస్తకం. రోజుకు కొంత చొప్పున మొత్తం చదివాడు. మొదటి మూడు అధ్యాయాల్లో ఉన్నది ఆయనకు తెలిసిన గల్లీ సంగతే. కొత్త సంగతి నాలుగోదాంట్లో దొరికింది. ఆ పేజీని, నా సంతకం ఉన్న మొదటి పేజీని జిరాక్సు తీయించి, లామినేషన్ చేయించి, ఆటోలో తన సీటు వెనక, ఎక్కినవాళ్లకు కనిపించేలా కట్టుకున్నాడు. గోలీలు మానేసి ఆకు రసం మొదలుపెట్టాడు. కూతురికి చెప్పలేదు. మూడు నెలలయ్యాక పరీక్ష చేయించుకుని, షుగరు పోయిందన్న కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాలనుకున్నాడట.

జూలైలో బ్రేకు పెడల్ గీరుకుని పాదానికి చిన్న దెబ్బ తగిలింది. మానలేదు. నల్లబడింది. దవాఖానకు పోయేసరికి మోకాలి కింద దాకా తీసేయాల్సి వచ్చింది.

ఆకు రసం వల్లే కాలు పోయిందని నేను రుజువు చేయలేను. పదేళ్ల షుగరు, అరిగిన చెప్పులు, రోజంతా ఆటోలో కూర్చోవడం, ఇవన్నీ ఉన్నాయి. మూడు నెలలు మందు లేదన్నది మాత్రం నిజం. ఆ మూడు నెలలకు కారణం నేను సంతకం పెట్టిన కాగితం అన్నదీ నిజం. ఇంతకు మించి చెబితే నేనూ ఆ పేజీ రాసినవాడి లాగే అవుతాను.

మర్నాడు సర్కారు దవాఖానకు వెళ్లాను. పొడుగాటి వార్డు. ఆయన గోడ వైపు మంచం మీద ఉన్నాడు. కూతురు నన్ను చూపించి “మా మేడమ్” అంది. ఆయన లేచి కూర్చోబోయాడు.

“పండుకోండి” అన్నాను.

“ఏం గాదు మేడమ్. కూసున్నా పండుకున్నా ఒకటే ఇప్పుడు.” నవ్వాడు. “మీ దయవల్ల బిడ్డ నౌకరీల బడ్డది.”

ఇంటికి వెళ్లాక రోజూ వేసుకోవాలని డాక్టరు ఇన్సులిన్ రాశాడు. ఆయన వేసుకోనంటున్నాడు. నేను వెళ్లేసరికి ఆ గొడవే నడుస్తోంది. ఇప్పటికైనా షుగరు దిగకపోతే మూత్రపిండాలు, రెండో కాలు కూడా దక్కవని డాక్టరు అమ్మాయితో చెప్పి వెళ్లాడు. సూది మొదలుపెడితే చచ్చేదాకా వదలదని ఆయన పట్టుదల. ఇంటికి పోయాక మళ్లీ ఆకు మొదలుపెడతాడట.

“ఆకు మీద ఇంకా నమ్మకమేనా?” అన్నాను.

“తప్పు ఆకుది గాదు మేడమ్. పరగడుపున తాగుమని రాసుంది. నాకేమో పొద్దుగాల్నే స్టేషన్ కాడ బేరాలు. ఒక్క చాయ తాగి పోయేటోన్ని. గా చాయనే కొంప ముంచింది.”

“ఆ పుస్తకంలో రాసింది తప్పు.”

“ముద్ర ఉంది గదా.”

“ముద్ర ఉన్నా తప్పే.”

“సంతకం మీదేనా?”

“నాదే.”

“పెట్టేటప్పుడు తప్పని ఎరికేనా?”

“లేదు. నేను ఆ భాగం చదవలేదు.”

“సదవకుంటనే పెట్టిన్రా?”

పక్క మంచం మీద మనిషి కూడా ఇటు తిరిగాడు.

“మా అయ్య ఏలుముద్ర ఏసేటోడు మేడమ్,” అన్నాడాయన. గొంతులో కోపం లేదు. “అచ్చరం ముక్క రాదు. ఆయన గూడ ఎవనితోనన్న సదివిచ్చుకొని ఏసేటోడు.”

వేదికల మీద నన్ను చాలామంది చాలా అన్నారు. అవేవీ ఇంటిదాకా నా వెంట రాలేదు, ఈ మాట వచ్చింది.

ఇంటికి వచ్చి ఆ పద్నాలుగో లింకు తెరిచాను. తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ. పేరు లేదు. ఆ బొమ్మనే వెతికితే పళ్లపొడి ప్రకటనలో ఒకసారి, కళ్లద్దాల ప్రకటనలో ఒకసారి కనిపించింది. రాసినవాడి పేరు లేదు, రాసిన తేదీ లేదు, చిరునామా లేదు. ప్రతి రెండు పేరాలకూ ఆకుపచ్చ బటన్ ఒకటి, ‘పొడి ఇప్పుడే తెప్పించుకోండి’ అని. అడుగున ఆధారాలు మూడు. మొదటిది తెరిస్తే ఎలుకల మీద చేసిన ప్రయోగం, అదీ వేరే మొక్కతో. రెండోది తెరుచుకోలేదు. మూడోది నొక్కితే మా కాలేజీ వెబ్‌సైటు తెరుచుకుంది. ఆ అమ్మాయి రిపోర్టు. ముద్ర. నా పేరు. ‘హైదరాబాద్ కళాశాల పరిశోధనలో నిర్ధారణ’ అని ఆ లింకుకు పేరు పెట్టాడు పొడి అమ్మేవాడు. ఏప్రిల్‌లో మేము రిపోర్టు పెట్టాక, ఎప్పుడో చేర్చాడు. ఆమె అతన్ని చూసి రాసింది, అతను ఆమెను చూపించి అమ్ముతున్నాడు.

ఇదంతా కనిపెట్టడానికి నాకు పట్టింది పావుగంట. తొమ్మిదేళ్లలో ఏ ఒక్క రిపోర్టుకూ ఇవ్వని పావుగంట.

సెప్టెంబరులో కొత్త బ్యాచి ముసాయిదాలు వచ్చాయి. ఈసారి లింకులు తెరిచాను. సగం చచ్చినవి. కొన్ని ఫోన్లో ఏఐ యంత్రాన్ని అడిగి తెచ్చుకున్నవి. అసలు లేని పుస్తకాలకు పేజీ నంబర్లతో సహా ఉన్నాయి. ఇద్దరు పిల్లల ముసాయిదాల్లో అయితే ఆధారాల కింద ఈ అమ్మాయి రిపోర్టు ఉంది. ఎక్కడిదని అడిగితే ఇద్దరూ ఒకటే మాట. “బైండింగ్ అన్న షుగర్ ఫైల్ల ఉంది మేడమ్. ఫస్ట్ ప్రైజ్ అని మీద పెట్టిండు.”

ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లాను. ఆయనది కోస్తా ప్రాంతం. మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విని కళ్లజోడు తుడుచుకున్నాడు.

“పాపం, ఆ పెద్దాయన సంగతి వింటే బాధగానే ఉందండి. కానీ మేడమ్ గారూ, అది మన బెస్ట్ ప్రాజెక్టండి. తనిఖీ వాళ్లు వస్తే ఏం చూపిద్దామంటారు?”

“తప్పును ఎలా దిద్దుకున్నామో చూపిద్దాం. నేనొక ప్రకటన రాశాను. నాలుగో అధ్యాయం తప్పు, ఎవరూ దాన్ని నమ్మి మందు మానవద్దు, పరిశీలించకుండా సంతకం పెట్టింది నేను అని. ముద్ర వేసి వెబ్‌సైట్లో పెట్టండి.”

“అంత అవసరమా అండి? ఆ ఒక్క లింకు తీసేసి వేరే మంచి లింకు పెట్టించండి. ఎవరు చూస్తారండీ అవన్నీ?”

“ఒకాయన చూశాడు. ఆయనకు కాలు లేదు.”

ఆయన కిటికీలోంచి ఫ్లైఓవర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ముద్ర వేయలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే రిపోర్టును వెబ్‌సైట్లోంచి చప్పుడు చేయకుండా తీసేశారు. కారణం రాయలేదు. పొడి అమ్మేవాడి పేజీలో మాత్రం మా లింకు అలాగే ఉంది. నొక్కితే ఏమీ రాదు. అయినా దాని పని అది చేస్తూనే ఉంది. నొక్కేవాళ్లు లేరు కదా.

ప్రకటనను నా పేరుతో నేనే నాకు తెలిసిన ప్రతిచోటా పెట్టాను. పెట్టేముందు అమ్మాయికి ఫోన్ చేశాను.

“నా డిగ్రీ పోతదా మేడమ్?” అని అడిగింది మొదట.

“పోదు. నీ పేరు ఎక్కడా రాయలేదు. తప్పు నాదని రాశాను.”

క్యాంటీన్ గిన్నెల చప్పుడు మీదుగా ఆమె గొంతు పెంచింది. “నా పేరు గూడ రాయుండ్రి మేడమ్. ముప్పై ఇండ్లు తిరిగింది నేనే. గా పేజీ అండ్ల పెట్టింది గూడ నేనే.”

నేను రాయలేదు. ఆ ఒక్క విషయంలో ఆమె మాట వినలేదు. తర్వాత, “బాపు ఇంటికొచ్చిండు. సూది ఏసుకుంట లేడు. మీరొచ్చి చెప్పుండ్రి” అంది.

ఆదివారం లింగంపల్లిలో రైలెక్కి బోరబండలో దిగాను. రెండు గదుల ఇల్లు. గుమ్మం పక్కన ఆటో, దాని మీద పట్టా కప్పి ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్రకటన తీసి మొత్తం చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ముద్ర లేదు మేడమ్.”

“కాలేజీ వాళ్లు వేయలేదు.”

“అబద్ధానికేమో ముద్ర కొట్టిన్రు. నిజానికి కొట్టరా?” కాగితం మంచం మీద పెట్టాడు. “మీరు మంచోళ్లు. నేను పరేషాన్ల ఉన్ననని గిట్ల రాసుకొచ్చిన్రు. నాకు సమజైతది.”

అంటే నన్ను నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం ఆయనకేముంది? మొదటిసారి నా మాట నమ్మి ఏమైందో ఆయన ఒళ్లే చెబుతోంది. ఇక చెప్పడం మానేశాను. అమ్మాయితో, “ఫోన్లో ఆ పేజీ తియ్యి. ఆయన్నే అడగనీ” అన్నాను. వేదికల మీద అడిగే ఆ మూడు ప్రశ్నలు చెప్పాను. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎలా తెలిసింది. ఆమె మంచం అంచున కూర్చుని పేజీ తెరిచింది.

“రాసినోడి పేరేంది?” అన్నాడాయన.

“లేదు బాపూ.”

“ఊరు?”

“లేదు.”

“ఎప్పుడు రాసిండు?”

“అదీ లేదు.”

“మరేముందే అండ్ల?”

“కొనుమని బటన్ ఉంది. ఆరు చోట్ల ఉంది.”

“ఎట్ల తెలిసిందంట వానికి?”

ఆమె వేలితో పేజీని కిందికి జరుపుకుంటూ పోయింది. చివరికి వచ్చి ఆగింది. అక్కడున్న లింకు ఎక్కడికి పోయేదో ఆమెకు ముందే చెప్పి ఉన్నాను. “మా కాలేజీ రిపోర్టుల ఉందంట. నాది.”

ఆయన ఒక్కొక్క వేలూ మడుస్తూ లెక్కపెట్టాడు. “అంటే వాన్ని జూసి నువ్వు రాసినవ్. నిన్ను జూసి వాడు రాసిండు. నిన్ను నమ్మి మేడమ్ సంతకం పెట్టింది. మేడమ్‌ను జూసి నేను తాగిన. మరి అసలు షుగర్ తగ్గంగ జూసినోడు ఎవడే?”

“ఎవ్వరు జూడలే బాపూ,” అంది. తల ఎత్తలేదు.

“సూది తే” అన్నాడు.

ఆమె లేచి వెళ్లి తెచ్చింది. ఆయనే చొక్కా పైకెత్తి పట్టుకుని, “ఫికర్ చెయ్యకు, పొడువు” అన్నాడు. అది ఇంట్లో ఆయన వేసుకున్న మొదటి సూది. అప్పటికే వచ్చిన రక్త పరీక్షలో మూత్రపిండాల లెక్క బాగా లేదని ఆమె నాకు గుమ్మం దగ్గర చెప్పింది. ఆలస్యమైందో, కొంత దక్కుతుందో ఇంకా తెలియదు.

నేను బయల్దేరబోతే ఆయన ఆపాడు. “మా గల్లీల ముగ్గురికి నేనే చెప్పిన మేడమ్, ఆకు తాగుమని. మీరు గూడ రాండ్రి.” చంకల కింద కర్రలు పెట్టుకుని లేచాడు. కూతురు ఒక పక్క, నేను ఒక పక్క. వంద గజాల గల్లీ నడవడానికి ఆయన నాలుగుచోట్ల ఆగాడు.

మొదటి ఇంట్లో ఒక ముసలాయన అంతా విని, ఆకు పొడి డబ్బా తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టి, రేపే బస్తీ దవాఖానకు పోతానన్నాడు. రెండో ఇంటి గుమ్మంలో ఒకామె బియ్యం ఏరుతోంది. తలెత్తి ఆయన కాలు వైపు చూసి, మళ్లీ చేటలోకి చూసింది.

“మొన్న తాగుమన్నది నువ్వే. ఇయ్యాల వద్దంటున్నది నువ్వే. ఎల్లుండి ఏమంటవే అన్నా?”

“నా కాలు జూసి గూడ గట్లంటవేందమ్మా?”

“నీ కాలుకు ఇనుము గీరింది. ఆకేం జేసింది? నాకైతే మంచిగనే ఉంది.”

“పరీక్ష చేయించావా?” అన్నాను.

“నాకు తెల్వదా నా పానం?”

ఆమెతో అరగంట వాదించాను. మెత్తబడలేదు. మూడో ఇంటికి తాళం ఉంది. అక్కడి మనిషిని వారం కింద దవాఖానలో చేర్చారని, మూత్రపిండాలు చెడి, యంత్రంతో రక్తం కడుగుతున్నారని పక్కింటివాళ్లు చెప్పారు. అమ్మాయి తండ్రి ఆ తాళం వైపు చూస్తూ కర్రల మీద అలాగే నిలబడిపోయాడు. ఇక ఆయన నడిపిన ఆటోలో ఎక్కి, ఆ లామినేషన్ పేజీని ఫోన్లో ఫోటో తీసుకుని, ఇంటికి, ఊరికి, ఆఫీసు గ్రూపులకు పంపినవాళ్లున్నారు. చదువుకున్నవాళ్లు, మెడలో ఆఫీసు బిళ్లలున్నవాళ్లు. వాళ్లెవరో ఆయనకు తెలియదు, నాకు తెలియదు. వాళ్ల గుమ్మాలకు దారి లేదు.

అందుకే మీకు రాస్తున్నాను. పాఠాలు చెప్పేవాళ్లకు, గైడులకు, ఆధారాల పేజీని అడుగున అలంకారంగా అతికించే పిల్లలకు, పంపేముందు ఒక్క పావుగంట ఖర్చు చేయని మీ అందరికీ. నా గురించి జాలి పడకండి, నన్ను తిట్టి ఊరుకోకండి. ఈ వారంలో మీ పేరున్న ఒక పాత కాగితం బయటికి తీయండి. అందులో ఎవరి ప్రాణానికైనా ముడిపడిన మాట ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి మనిషి దాకా తవ్వండి. ఆ చివర ఎవరూ కనిపించకపోతే, తప్పు నాదని మీ పేరుతో, మీ సంతకంతో రాసి బయటపెట్టండి. సంస్థ ఒప్పుకోకపోతే ఒప్పుకోకుండానే పెట్టండి. నమ్మినవాళ్లెవరో తెలిస్తే వాళ్ల గుమ్మం దాకా నడిచి వెళ్లి చెప్పండి. వాళ్లు తలుపు వేసుకుంటే మళ్లీ వెళ్లండి.